ఇంట్లో కుక్క, మనవడి ఛాతీలో పిల్లికూతలు

వైద్యవృత్తిలో గడిపిన 36 సంవత్సరాలలో నేను అతి తేలికగా వ్రాసిన సలహా ఒకటుంది. ఉబ్బసంతో వచ్చిన బిడ్డను పరీక్షించి, పీల్చే మందు వ్రాసి, "ఇంట్లో కుక్క గాని, పిల్లి గాని ఉన్నదా?" అని అడిగేవాడిని. ఉన్నదంటే మందుచీటీ అడుగున "పెంపుడు జంతువును ఇంటి నుండి పంపివేయవలెను" అని ఒక పంక్తి చేర్చి తరువాతి రోగిని పిలిచేవాడిని. ఆ పంక్తి వ్రాయడానికి నాకు అర నిమిషం కూడా పట్టేది కాదు. దానిని ఎందరు పాటించారో, పాటించినవారి ఇళ్ళలో ఆ రాత్రి ఎలా గడిచిందో నేనెన్నడూ అడుగలేదు. ఉద్యోగ విరమణ చేసిన కొన్నేళ్ళకు ఆ పంక్తి నా ఇంటికే వచ్చింది.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి హైదరాబాదు నుండి విశాఖపట్నానికి బదిలీ అయి, ఎనిమిదేళ్ళ కొడుకుతో మా ఇంట్లో దిగింది. పిల్లవాడికి నాలుగో ఏట నుండి ఉబ్బసం ఉన్నది గాని అదుపులోనే ఉండేది. మా ఇంట్లో మల్లి ఉన్నది. స్పిట్జ్ జాతి ఆడకుక్క. పేరుకు తగినట్లు తెల్లగా, ఒళ్ళంతా ఒత్తైన రోమాలతో దూదిమూటలా ఉంటుంది. మా దంపతుల వార్ధక్యానికి ఆరేళ్ళుగా అదే సందడి. రోమాలు రాల్చడంలో ఆ జాతి ఏ జాతికీ తీసిపోదు. సోఫా మీద, దివాను మీద, నా పంచె అంచున, ఆరవేసిన బట్టల మీద ఎక్కడ చూసినా తెల్లటి పోగులే. నల్లచీర కట్టుకోవడం మా ఆవిడ ఎప్పుడో మానుకున్నది.

మనవడూ మల్లీ మొదటి రోజే జతకట్టారు. మూడో వారానికి పిల్లవాడు అర్ధరాత్రి లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. స్టెతస్కోపు పెట్టి వింటే ఛాతీకి రెండు వైపులా పిల్లికూతలు.

ఒకప్పుడు నా వద్ద హౌస్ సర్జన్‌గా పనిచేసి, ఇప్పుడు శ్వాసకోశ నిపుణుడైన ఒక యువవైద్యునికి చూపించాము. చర్మ పరీక్షలో రెండు చోట్ల దద్దురు తేలింది. ఒకటి పరుపులలో, దిండ్లలో నివసించే కంటికానని ధూళి పురుగులకు, రెండోది కుక్కకు. అతడు మందులు వ్రాసి, కలం ఆపి, "సార్, మీకు చెప్పేటంతవాడిని కాను. కానీ..." అని ఆగిపోయాడు. "వ్రాయవయ్యా, నేను నేర్పినదే కదా" అన్నాను.

ఇంటికి వచ్చే దారిలో పిల్లవాడు ఒక్క మాట మాట్లాడలేదు. తరువాత మూడు రాత్రులు దగ్గు వినబడలేదు. మందు పనిచేస్తున్నదని అందరమూ సంతోషించాము. నాలుగో రాత్రి మంచినీళ్ళకు లేచి వాడి గది ముందు నుండి వెళుతుంటే ఏదో అణచిపెట్టిన శబ్దం వినిపించింది. వెళ్ళి చూస్తే దిండులో ముఖం దాచుకుని దగ్గుతున్నాడు. నన్ను చూసి, "దగ్గు తగ్గిపోయింది తాతయ్యా, మల్లిని పంపెయ్యకు" అన్నాడు. ఆ చిన్న మాట పూర్తి చేయడానికి మధ్యలో రెండు సార్లు ఊపిరి కోసం ఆగాడు.

ఉబ్బసంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది దాచిన ఆయాసం. సకాలంలో మందు అందితే తగ్గిపోయే దాడి, దాచిపెట్టడం వలన ప్రాణాంతకం కాగలదు. నేను తేలికగా వ్రాసిన పంక్తి ఎన్ని ఇళ్ళలో ఎందరు పిల్లల చేత దగ్గును దిండులో దాయించిందో అన్న ఆలోచనతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారిన తరువాత వాడితో ఒక ఒప్పందం చేసుకున్నాను. గడువు మూడు నెలలు. ఉదయం, సాయంత్రం పీక్ ఫ్లో మీటరు ఊది, వచ్చిన అంకెను నోటుపుస్తకంలో వ్రాయాలి. రోజూ పీల్చవలసిన మందు ఒక్క పూట కూడా మానకూడదు. దగ్గు వస్తే దాచకూడదు. నా వంతుగా ఇంట్లో చేయగలిగినదంతా చేస్తాను. గడువు ముగిసేసరికి అంకెలు మెరుగుపడకపోయినా, మధ్యలో ఒక్కసారి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా, అనకాపల్లి దగ్గర పల్లెలో ఉండే మా బావమరిది ఇంటికి మల్లిని పంపవలసిందే. యువవైద్యుడు కొంత సందేహించినా, వారం వారం అంకెలు తనకు చూపాలన్న షరతు మీద అంగీకరించాడు.

మొదటి యంత్రం, నా పొరపాటు

నేను చేసిన మొదటి పని వాక్యూమ్ క్లీనర్ కొనడం. పెట్టె మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉన్నదానిని తెచ్చాను. దుకాణంలోని కుర్రవాడు తివాచీ ముక్క మీద పిడికెడు జుట్టు చల్లి, క్షణంలో దానినంతా యంత్రం చేత పీల్పించి, పారదర్శకమైన డబ్బాలో చేరినదానిని ఎత్తి చూపించాడు. అది చూసిన తరువాత నాకు వేరే ప్రశ్న తోచలేదు.

బుధవారం, ఆదివారం నేనే యంత్రం పట్టుకుని ఇల్లంతా తిప్పేవాడిని. డబ్బా నిండిన తెల్లటి రోమాలను చూసి మనవడు చప్పట్లు కొట్టేవాడు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఆ డబ్బాను బాల్కనీలో చెత్తబుట్టలోకి దులిపేది. ఇల్లు ఇంతకుముందెన్నడూ అంత శుభ్రంగా కనబడలేదు.

రెండు వారాల తరువాత నోటుపుస్తకం ముందు పెట్టుకుని అంకెలతో గీతలపటం గీశాను. మామూలు రోజులలో సాయంత్రపు అంకె 190 దరిదాపులలో ఉన్నది. బుధ, ఆదివారాల సాయంత్రాలలో 160కి దిగింది. నాలుగు దినాలలో నాలుగూ అంతే. రోమాలు తీసివేసిన రోజునే పిల్లవాడి ఊపిరి తగ్గుతున్నది!

తరువాతి ఆదివారం మా అమ్మాయి చేతికి యంత్రమిచ్చి నేను సోఫా వెనుక నిలబడ్డాను. తూర్పు కిటికీ నుండి ఎండ ఏటవాలుగా పడుతున్నది. యంత్రం వెనుక నుండి వెలువడే వేడిగాలి ఆ ఎండలోకి రాగానే అందులో సన్నటి ధూళి పొగలా సుడి తిరిగింది. ముందు నుండి పీల్చినదానిలో పెద్దవి డబ్బాలో నిలిచాయి. చిన్నవి వెనుక నుండి మళ్ళీ గదిలోకి వచ్చాయి. నేల మీద పడి ఉన్నదానిని పిల్లవాడి ముక్కు ఎత్తుకు లేపడానికి నేను డబ్బు ఖర్చు పెట్టాను. దుకాణంలో నేను చూసినది యంత్రం లోపలికి ఏమి పోతున్నదన్నది మాత్రమే. బయటకు ఏమి వస్తున్నదో చూడలేదు.

రోమం కాదు, రోమం మోసేది

కుక్క, పిల్లి రోమాలు అలర్జీ కలిగిస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని చేసేవి కొన్ని మాంసకృత్తులు. అవి జంతువు లాలాజలంలో, చర్మపు పొలుసులలో, మూత్రంలో ఉంటాయి. కుక్క, పిల్లి తమ ఒళ్ళు నాకుకున్నప్పుడు లాలాజలం రోమాల మీద ఆరి, సూక్ష్మమైన రేణువులుగా రాలుతుంది. రోమం వాటిని ఇల్లంతా మోసే వాహనం మాత్రమే.

ఈ రేణువులలో గణనీయమైన భాగం 5 మైక్రాన్ల కంటే చిన్నది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. అంత సన్నటి రేణువులు ఒకసారి లేచాయంటే గంటల తరబడి గాలిలో తేలుతూ, ఊపిరితో పాటు చిన్న శ్వాసనాళాల వరకు చేరుతాయి. ధూళి పురుగుల విసర్జనలు వీటికంటే పెద్దవి కనుక త్వరగా కిందికి దిగిపోతాయి. జంతువుల రేణువులకు గోడలకు, తెరలకు, బట్టలకు అంటుకునే గుణం కూడా ఎక్కువ. పిల్లిని ఇంటి నుండి పంపివేసిన తరువాత కూడా దాని అలర్జీ కారకాలు తగినంతగా తగ్గడానికి నాలుగు నుండి ఆరు నెలలు, ఒక్కొక్కచోట అంతకుమించి పడుతుంది. అంటే జంతువును పంపినా శుభ్రపరిచే బాధ్యత తప్పదు.

రోమాలు తక్కువ రాల్చే జాతి కుక్కల వలన అలర్జీ రాదని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతారు. అటువంటి జాతులున్న ఇళ్ళ ధూళిని, ఇతర జాతులున్న ఇళ్ళ ధూళిని పోల్చి చూసినప్పుడు అలర్జీ కారకాల పరిమాణంలో తేడా కనబడలేదు.

రెండో యంత్రాన్ని ఏమి చూసి కొన్నాను

మొదటగా చూడవలసినది గాలి వెలువడే చోట ఉన్న వడపోత. హెపా అనే వడపోతను 1940ల దశకంలో అమెరికా అణుబాంబు కార్యక్రమంలో, గాలిలోని రేడియోధార్మిక రేణువులను పట్టడానికి రూపొందించారు. అమెరికా ప్రమాణం ప్రకారం అది 0.3 మైక్రాన్ల రేణువులలో 99.97 శాతాన్ని ఆపాలి. యూరోపు ప్రమాణంలో హెచ్ 13 అనే తరగతి, పట్టడానికి అత్యంత కష్టమైన పరిమాణపు రేణువులలో 99.95 శాతాన్ని ఆపాలి. పెట్టె మీద "హెపా తరహా", "హెపా వంటిది" అని ఉంటే అది ఆ ప్రమాణానికి హామీ కాదు. తరగతి పేరు స్పష్టంగా ఉన్నదానినే తీసుకోవాలి.

వడపోత మంచిదైతే చాలదు. గాలి దాని గుండానే పోవాలి. మూత అంచున, గొట్టం అతుకుల వద్ద సందులుంటే ధూళి వడపోతను తప్పించుకుని వచ్చేస్తుంది. కనుక యంత్రమంతా గాలి చొరకుండా మూసిన నిర్మాణం కావాలి. మూతల చుట్టూ రబ్బరు పట్టీలున్నాయా, మూత బిగుతుగా పడుతున్నదా అని చేతితో చూడండి. వీలైతే చీకటి చేసిన గదిలో యంత్రం నడిపించి, గాలి వెలువడే చోట టార్చి వెలుగు అడ్డంగా వేయండి. ధూళి మెరిస్తే ఆ యంత్రం వద్దు. ఏమీ మెరవకపోతే మంచిదని నిర్ధారణ కాదు. అతి సన్నటివి కంటికి కనబడవు. అయినా నా మొదటి యంత్రం ఈ చిన్న పరీక్షకే దొరికిపోయేది.

రెండోది సంచి. డబ్బా యంత్రాలలో ఖర్చు తక్కువ. కాని దులిపిన ప్రతిసారీ పట్టుకున్నదంతా లేస్తుంది. అలర్జీ ఉన్న ఇంట్లో, నిండగానే నోరు మూసి పారవేసే పొరల సంచి ఉన్న యంత్రమే మేలు. కొనే ముందే ఆ సంచులు మన ఊరిలో దొరుకుతాయా, ఒక్కొక్కటి ఎంత అని అడగాలి. లేకపోతే ఆరు నెలల తరువాత యంత్రం అటక ఎక్కుతుంది. నేను సంచి మూడింట రెండు వంతులు నిండగానే మార్చేస్తాను. పూర్తిగా నిండేదాకా ఆగితే పీల్చే శక్తి పడిపోతుంది. డబ్బా యంత్రమే ఉన్నవారు దానిని ఇంటి బయట, మాస్కు కట్టుకుని, పెద్ద ప్లాస్టిక్ సంచి లోపల పెట్టి నెమ్మదిగా ఖాళీ చేయాలి.

మూడోది మూతి. మన ఇళ్ళలో తివాచీలు తక్కువ. టైల్సు, గ్రానైటు, పాలరాయి ఎక్కువ. నునుపు నేల మీద గట్టి బ్రష్షు వేగంగా తిరిగితే రోమాలు చెదిరి పారిపోతాయి. నేలకు మెత్తటి కుచ్చులున్న వెడల్పు మూతి చాలు. సోఫా, పరుపు వంటి బట్టకు మాత్రం సొంత మోటారుతో తిరిగే చిన్న బ్రష్షు మూతి అవసరం. నేతలో గుచ్చుకున్న రోమాలను వట్టి గాలి లాగలేదు. ఆ బ్రష్షుకు చుట్టుకున్న రోమాలను వారానికొకసారి కత్తెరతో కోసి తీయాలి.

వాట్ల మాట చివరకు చెబుతున్నాను, ఎందుకంటే దానికి ఇవ్వవలసిన స్థానం అదే. వాట్లు యంత్రం వాడుకునే విద్యుత్తును తెలుపుతాయి, పీల్చే శక్తిని కాదు. యూరోపులో 2017 నుండి ఇంటి వాక్యూమ్ క్లీనర్లు 900 వాట్లకు మించరాదన్న నియమం ఉన్నది. తివాచీలు పరచిన అక్కడి ఇళ్ళు ఆ శక్తితోనే శుభ్రపడుతున్నాయి. నా రెండో యంత్రం మొదటిదానిలో సగం వాట్లది. అది చప్పుడు కూడా తక్కువ చేస్తుంది. మొదటిదాని మోతకు మల్లి మంచం కిందికి దూరి వణికేది. దీనిని చూసి ఒకసారి మొరిగి ఊరుకున్నది.

తనంత తానే తిరిగే రోబో యంత్రం గురించి చాలామంది అడుగుతారు. రోజూ పైపైన రోమాలు ఏరడానికి అది ఉపకరిస్తుంది. దాని డబ్బా చిన్నది, సోఫాలు ఎక్కలేదు. మలవిసర్జన క్రమశిక్షణ ఇంకా రాని కుక్కపిల్ల ఉన్న ఇంట్లో మనుషులు లేనప్పుడు దానిని నడిపిస్తే జరిగేదేమిటో నేను వివరించనవసరం లేదు.

చీపురు పట్టిన చేయి

1907లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే వ్యక్తి ఒక పెద్ద దుకాణంలో తివాచీలు ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. చీపురుతో లేచే దుమ్ము ఆయన ఊపిరి తీసేది. బ్రతుకుతెరువు వదలలేక, ఒక విద్యుత్ ఫ్యాను మోటారును, చీపురు కర్రను, దిండు గలీబును కలిపి దుమ్మును పీల్చే యంత్రం కట్టుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. ఆ హక్కులను కొన్న హూవర్ కుటుంబం పేరు మీదనే అది లోకమంతా తెలిసింది. ఇంట్లో ఒక్కరే నడపగల వాక్యూమ్ క్లీనర్ ఊడ్చేవాడి ఉబ్బసం నుండి పుట్టింది.

ఈ సంగతి చదివిన రోజున నాకు మరొకటి తట్టింది. నేను మనవడి ఊపిరిని అంకెలలో కొలుస్తున్నాను. మా ఇంట్లో పనిచేసే ఆమె పదకొండేళ్ళుగా, ప్రతి ఉదయం, పాడేరు వైపు నుండి వచ్చే మెత్తటి కొండచీపురుతో ఆ రోమాలనూ ధూళినీ ఊడుస్తున్నది. చీపురు పట్టుకునే ముందు చీరచెంగు ముక్కుకు చుట్టుకోవడం నేను రోజూ చూశాను. కారణం అడగలేదు. ఆ రోజు అడిగాను. "సానా ఏళ్ళయింది బాబూ. సీపురు పట్టుకుంటే ఆయాసం వొస్తాది. నాలుగిళ్ళు సెయ్యాల గదా" అన్నది, అదొక విశేషం కానట్లుగా.

ఆమెను కూడా అదే యువవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను. ఊది చేసే పరీక్షలో ఉబ్బసమని తేలింది. ఒక వైద్యుని ఇంట్లో, ఆయన కళ్ళముందు, పదకొండేళ్ళు మందు లేకుండా ఆయాసపడిన మనిషికి నేను ఏమి జవాబు చెప్పగలను? పీల్చే మందు మొదలుపెట్టించాను. మా ఇంట్లో పొడిచీపురు ఆ రోజుతో ఆగిపోయింది. యంత్రం నేనో మా అమ్మాయో నడుపుతాము. తరువాత ఆమె తడిగుడ్డతో తుడుస్తుంది.

అందుకే చెబుతున్నాను: మంచి హెపా యంత్రమైనా దాని మూతి నేలను కదిలించినప్పుడు కొంత ధూళి లేవక తప్పదు. కనుక ఉబ్బసం ఉన్నవారు యంత్రాన్ని పట్టుకోకూడదు. నడిపేటప్పుడు వారు ఆ గదిలో ఉండకూడదు. కిటికీలు తెరిచి, ముగిసిన తరువాత గంటసేపైనా ఆగి గదిలోకి రానివ్వాలి. నడిపేవారు మాస్కు కట్టుకోవాలి. పనివారితో ఆ పని చేయిస్తుంటే, వారికి ఆయాసం ఉన్నదేమో ముందు అడగాలి.

మూడు నెలల తరువాత

యంత్రంతో పాటు మరికొన్ని మార్పులు చేశాము. పిల్లవాడి పడకగదిలోకి మల్లికి ప్రవేశం నిషేధించాము. పరుపుకు, దిండుకు ధూళి పురుగులు దాటరాని తొడుగులు వేశాము. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికించాము. మల్లిని రోజూ మేడ మీదికి తీసుకువెళ్ళి మా ఆవిడ దువ్వుతుంది. వారానికి రెండు మార్లు స్నానం. అంతకంటే తక్కువైతే దాని ఫలితం నిలవదు. పిల్లవాడు మల్లిని ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవడం అలవాటు చేసుకున్నాడు.

మూడో నెల చివరకు సాయంత్రపు అంకె 225 చుట్టూ నిలిచింది. శుభ్రం చేసిన రోజుకూ చేయని రోజుకూ తేడా పోయింది. ఆయాసానికి వెంటనే పీల్చే మందు మొదటి నెలలో 9 సార్లు అవసరమైతే మూడో నెలలో ఒక్కసారే అవసరమైంది. ఇందులో యంత్రం పాలు ఎంత, రోజూ పీల్చిన మందు పాలు ఎంత, పడకగది తలుపు పాలు ఎంత అని నేను విడదీయలేను. వాక్యూమ్ క్లీనర్ ఒక్కటే ఉబ్బసాన్ని తగ్గిస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మందు మానివేసి యంత్రాన్ని నమ్ముకున్నవారు ఆసుపత్రి పాలవుతారు.

మరొక మాట కూడా దాచకూడదు. ఇన్ని చేసినా తగ్గని పిల్లలుంటారు. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన దాడులు వచ్చే ఇంట్లో ఇటువంటి ప్రయోగాలకు తావు లేదు. జంతువును ప్రేమగా చూసుకునే వేరొక ఇంటికి పంపడమే సరి. మా అంకెలు మెరుగుపడకపోయి ఉంటే నేను మల్లిని అనకాపల్లి పంపేవాడినే. ఈనాటికీ ఆ పంక్తిని నేను తప్పని అనను. ఆ పంక్తి వ్రాసే ముందు బిడ్డ ముఖం వైపు చూడాలని, వ్రాసిన తరువాత "దగ్గు వస్తే దాచవద్దు, దాచితేనే ప్రమాదం" అని బిడ్డకే నేరుగా చెప్పాలని మాత్రం ఇప్పుడు అంటాను.

గడువు ముగిసిన రోజున యువవైద్యుడు నోటుపుస్తకం చివరి పేజీ వరకు చూసి, తన పాత మందుచీటీ తీసి, అడుగున ఉన్న పంక్తిని కొట్టివేసి, పక్కన సంతకం చేసి పిల్లవాడికే ఇచ్చాడు. వాడు దానిని ఇంటికి తెచ్చి, మల్లి పడుకునే చోట, పడకగది గుమ్మానికి ఇవతల గోడకు అంటించాడు. ఇప్పటికీ వాడికి రాత్రివేళ ఎప్పుడైనా దగ్గు వస్తుంది. వచ్చినప్పుడు గట్టిగా దగ్గి, మమ్మల్ని పిలుస్తాడు.